బెంగళూరులో ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాకా: సెలవుల్లో సేవ చేయాలనుకునే తెలుగువాళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. నెల తిరిగేసరికి భోగి మంట. ఈ మధ్యలో వైకుంఠ ఏకాదశి, క్రిస్మస్, ఇంగ్లీషు కొత్త సంవత్సరం వస్తాయి. ఆంధ్రలో, తెలంగాణలో పిల్లలకు సంక్రాంతికి వరసగా సెలవులిస్తారు. బెంగళూరులో అలా ఉండదు. పిల్లల స్కూలుకు క్రిస్మస్ సెలవులు ఎక్కువ, సంక్రాంతికి ఒక్కరోజే. కొన్ని ఐటీ కంపెనీలు డిసెంబరు ఆఖరి వారం మూసేస్తాయి. లీవులు వాడకపోతే పోతాయన్న భయం ఒకటి. ఊరెళ్దామంటే రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరిచిన గంటలోనే వెయిటింగ్ లిస్టుకు పోతాయి, ప్రైవేటు బస్సు రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అలా ఇక్కడే మిగిలిపోయిన కుటుంబాలు మాల్‌కీ ఓటీటీకీ మధ్య తిరుగుతూ సెలవులు అవగొట్టేస్తాయి.

ఈసారి వేరేగా గడపాలనుకునేవాళ్లకే ఈ వ్యాసం. ముందే ఒక మాట. ఈ ఊళ్లో కేకులు, దుప్పట్లు పంచడానికి చాలామంది ఉన్నారు. తెలుగు వచ్చి, ఈ నగరం తెలిసి, పగటిపూట ఖాళీగా ఉన్న మనిషే దొరకడు. మీ దగ్గర ఆ మూడూ ఉన్నాయి. అందుకే ఇందులో ఎక్కువ చోటు ఆసుపత్రులకే ఇచ్చాను.

మొదట క్యాలెండర్ ముందేసుకోండి

"ఈ సెలవుల్లో ఏదో ఒకటి చేద్దాం" అని వదిలేస్తే ఏదీ జరగదు. నవంబరు చివర్లోనే ఇంట్లో అందరూ కూర్చుని మూడు రకాల రోజులు గుర్తుపెట్టుకోండి. పూర్తిగా ఇవ్వగలిగిన రోజులు, పూట మాత్రమే కుదిరే రోజులు, ఇంటి పండగకే ఉంచుకోవాల్సిన రోజులు. మూడో రకాన్ని త్యాగం చేయకండి. భోగి నాడు ఇంట్లో పెద్దవాళ్లను ఒంటరిగా వదిలి బయట సేవ చేసొస్తే ఇంట్లో రుసరుసలు తప్పవు, వచ్చే ఏడాది మీ వెంట ఎవరూ రారు.

రోజులు ఎంచుకునేటప్పుడు రద్దీ ఉన్న తేదీలు వదిలేయండి. డిసెంబరు 25న, జనవరి 1న పిల్లల ఆశ్రమాలకు, వృద్ధాశ్రమాలకు జనం పోటెత్తుతారు. ఒకరి కేకు తినకముందే ఇంకొకరి కేకు వస్తుంది. జనవరి 6న ఫోన్ చేసేవాళ్లు ఉండరు. మీకు కావాల్సింది ఆ తేదీ.

ఒకే చోటు ఎంచుకోండి, వెళ్లేముందు అడగండి

నాలుగు చోట్లకు నాలుగు గంటలు ఇచ్చేకంటే ఒకే చోటికి నాలుగుసార్లు వెళ్లడం మేలు. మొదటిసారి వెళ్లినప్పుడు మీరు వాళ్లకు పనే పెడతారు. దారి చూపాలి, పరిచయం చేయాలి, కాఫీ ఇవ్వాలి. రెండోసారి నుంచే మీ వల్ల ఉపయోగం మొదలవుతుంది.

ఫోన్ చేసినప్పుడు "మేం ఫలానాది తెస్తాం, ఎప్పుడు రమ్మంటారు?" అని మొదలుపెట్టకండి. "ఈ నెలలో మీకు దేనికి ఇబ్బందిగా ఉందండీ? మనిషి కావాలా, వస్తువు కావాలా?" అని అడగండి. జవాబు చాలాసార్లు మీరు ఊహించనిది వస్తుంది. పాడైన గీజర్ బాగుచేయించమంటారు, లెక్కల పుస్తకం కంప్యూటర్‌లోకి ఎక్కించమంటారు, పెద్దాయన్ని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురమ్మంటారు. ఫోటోకి పనికొచ్చే పనులు కావివి. ఒప్పుకోండి.

ఆసుపత్రిలో తెలుగు

హొసూరు రోడ్డు వైపు నిమ్హాన్స్ (మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి), కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి దగ్గరదగ్గరగా ఉంటాయి. బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవ గుండె ఆసుపత్రి, వైట్‌ఫీల్డ్‌లో డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి. వీటి వరండాల్లో పొద్దున నిలబడి చూస్తే అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కర్నూలు మాట చెవిన పడుతూనే ఉంటుంది. కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ వైపు నుంచి వచ్చేవాళ్లలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది. వాళ్లకు కన్నడ చదవడం వచ్చు, కాబట్టి కాస్త నయం. సీమ నుంచి వచ్చిన పెద్దవాళ్లకు బోర్డులు చదవడం రాదు, కౌంటర్‌లో చెప్పింది సగమే అర్థమవుతుంది, అడిగితే విసుక్కుంటారేమోనని ఊరుకుంటారు.

ఇక్కడ మీరు చేయగలిగిన పని ఇది.

ముందు అనుమతి తీసుకోండి. పెద్ద ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్క్ విభాగమో, రోగుల సహాయ కేంద్రమో ఉంటుంది. అక్కడికెళ్లి, "నాకు తెలుగు, కన్నడ వచ్చు. ఫలానా రోజుల్లో పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఉండగలను. ఎక్కడ నిలబడమంటారు?" అని అడగండి. అనుమతి లేకుండా గేటు దగ్గర నిలబడి సాయం చేయబోతే జనం మిమ్మల్ని బ్రోకర్ అనుకుంటారు. అనుకోవడంలో తప్పులేదు, అలాంటివాళ్లు ఉన్నారు కూడా. మెడలో గుర్తింపు కార్డు ఉండాలి. రోగి ఫైలు మీ చేతిలోకి తీసుకోకండి, వాళ్ల చేతిలోనే ఉంచి చూడండి. డబ్బు ఏ రూపంలోనూ ముట్టకండి, మందులు తెచ్చిపెట్టడానికైనా సరే. వాళ్లను వెంటబెట్టుకుని కౌంటర్ దాకా వెళ్లండి.

సంచిలో ఇవి పెట్టుకోండి: రెండు పెన్నులు, పర్మనెంట్ మార్కర్, చిన్న నోట్‌బుక్, స్టాప్లర్, జిప్ కవర్లు, పవర్ బ్యాంక్, మంచినీళ్లు. ఈ మార్కర్, జిప్ కవర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

ఫార్మసీ కిటికీ దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉంటాడు. చేతిలో బట్టల కొట్టు ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్స్‌రే, జిరాక్సులు, ఆధార్, పాత చీటీలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఐదు రకాల మాత్రలిచ్చారు. చీటీ మీద 1-0-1, 0-0-1 అని (పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎన్నెన్ని వేసుకోవాలో) రాసుంది. కౌంటర్‌లో అమ్మాయి గబగబా చెప్పేసింది. ఆయన తలూపాడు. "పెద్దాయనా, ఏ మాత్ర ఎప్పుడెయ్యాల్నో చెప్పినారా?" అని అడగండి. "చెప్పినారు గానీ..." అని ఆగుతాడు. అప్పుడు ఆయన్ని మళ్లీ కిటికీ దగ్గరికే తీసుకెళ్లి, ఫార్మసిస్టు చేతే ఒక్కో మాత్రా చూపించి చెప్పించండి. ఒక్కో రకం ఒక్కో జిప్ కవర్లో వేసి, పైన మార్కర్‌తో తెలుగులో రాయండి: "పొద్దున తిన్నాక 1, రాత్రి తిన్నాక 1". చదువు రాకపోతే సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేయండి. తర్వాత ఆయన్నే తిరిగి చెప్పమనండి. ఆయన నోటివెంట సరిగా వచ్చేదాకా పని పూర్తికానట్టే. మళ్లీ రావాల్సిన తేదీ, వారం, ఏ బ్లాకు, ఏ గది, పరగడుపున రావాలా తినొచ్చా, ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైలు పైన స్టాపుల్ చేయండి. ఇంటి దగ్గర చదవగల మనవడో మనవరాలో ఉంటారు, వాళ్లకు పనికొస్తుంది.

దాటకూడని గీత ఒకటుంది. డాక్టరు చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్పడం వరకే మీ పని. జబ్బు పేరు మీ అంతట మీరు చెప్పకండి. "ఇది నయమయ్యేదేలే" అనీ అనకండి. ఫలానా ఆకు పసరు, ఫలానా ప్రైవేటు ఆసుపత్రి అని సలహాలివ్వకండి. రిపోర్టు ఫోటో తీసి మీ డాక్టర్ ఫ్రెండ్‌కి వాట్సాప్ చేయాలనిపిస్తుంది, మానుకోండి. డాక్టరు చెప్పింది మీకే అర్థం కాకపోతే, "మళ్లీ ఒకసారి చెప్తారా సార్?" అని అడగడానికి మొహమాటపడకండి. రోగి అడగలేని ఆ ప్రశ్న అడగడానికే మీరక్కడ ఉన్నది.

కాగితాల పని ఇంకొకటి. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు (పాత ఆరోగ్యశ్రీ) ఉంటుంది. అది రాష్ట్రం బయట అన్ని ఆసుపత్రుల్లో, అన్ని జబ్బులకు చెల్లదు. తమ జబ్బుకు ఈ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో చేరకముందే కౌంటర్‌లో అడిగించండి. ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకునేవాళ్లయితే అసలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్త చేయించండి. ఊరెళ్లాక బిల్లు పోయిందని తెలిస్తే దానికోసం మళ్లీ బస్సెక్కాలి.

సెలవు రోజు ఓపీ ఉండదు కాబట్టి 25న వెళ్లి లాభం లేదు. మర్నాడు, సోమవారాలు రద్దీ ఎక్కువ, ఆ రోజులు పెట్టుకోండి. ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. మధ్యాహ్నానికి మీరు అలిసిపోతారు, ఇంటికొచ్చేయండి. సాయంత్రం దాకా లాగితే రెండోరోజు వెళ్లబుద్ధి కాదు.

రక్తం

కాలేజీలకు సెలవులిస్తే అక్కడి రక్తదాన శిబిరాలు ఆగిపోతాయి, దాతలు ఊళ్లకు పోతారు. జబ్బులు సెలవు తీసుకోవు. ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి నవంబరులో ఇచ్చినవి డిసెంబరు చివరికి పనికిరావు.

వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు 90 రోజులకొకసారి, ఆడవాళ్లు 120 రోజులకొకసారి ఇవ్వొచ్చు. గడిచిన 12 నెలల్లో పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్లు ఆగాలి. ఖాళీ కడుపుతో వెళ్లకూడదు కాబట్టి వైకుంఠ ఏకాదశి ఉపవాసం రోజున పెట్టుకోకండి. 31 రాత్రి మందు తాగినవాళ్లు మర్నాడు వెళ్లకండి. ఈ-రక్తకోశ్ వెబ్‌సైట్‌లో దగ్గర్లోని బ్లడ్ బ్యాంకులు, ఏ గ్రూపు ఎంత ఉందో కనిపిస్తాయి. నా ఓటు డిసెంబరు 26 నుంచి జనవరి 5 లోపు ఒక రోజుకి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, నలుగురు కలిసి ఒకే కారులో వెళ్లండి. ఒంటరిగా వెళ్లాలంటే వాయిదా పడిపోతుంది.

దుప్పట్లు పంచాలనుకుంటే

డిసెంబరు, జనవరి రాత్రుల్లో బెంగళూరులో 15, 16 డిగ్రీలకు దిగుతుంది. ఉత్తరాదితో పోలిస్తే ఇదేం చలి అనిపిస్తుంది గానీ రేకుల షెడ్డులో, నీలం పట్టా కింద పడుకునేవాడికి అది చలే. ఈ ఊళ్లో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది, నేటికీ అదే రికార్డు.

వర్తూరు, గుంజూరు, పాణత్తూరు వైపు అపార్ట్‌మెంట్లు లేచే చోటల్లా కూలీల షెడ్లు ఉంటాయి. రాయచూరు, యాదగిరి, కలబురగి, కర్నూలు, అనంతపురం నుంచి వచ్చినవాళ్లు. తెలుగులో పలకరిస్తే మొహాలు విచ్చుకుంటాయి. ఆదివారం మధ్యాహ్నం, పని ఆగి అందరూ షెడ్ల దగ్గర ఉండే సమయంలో వెళ్లండి. ముందు మేస్త్రీతో, ఆ వెంటనే ఆడవాళ్లతో మాట్లాడండి. ఎన్ని కుటుంబాలు, ఎంతమంది పిల్లలు అన్నది ఆడవాళ్లకే సరిగ్గా తెలుస్తుంది. ఏం కావాలని అడిగితే దుప్పటికంటే ముందు కింద పరచుకోవడానికి మందం పట్టా, చాప అంటారు. చలి నేలలోంచే ఎక్కుతుంది మరి. పిల్లలకు చెప్పులు, మంకీ క్యాప్‌లు అడుగుతారు.

తెచ్చేటప్పుడు అందరికీ ఒకేరకం, ఒకేసారి తేవాలి. ఇరవై కుటుంబాలుంటే పదిహేను దుప్పట్లతో వెళ్లకండి, మీరు వెళ్లిపోయాక అక్కడ గొడవే. అర్ధరాత్రి కారు లైట్లు వేసుకుని ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవాళ్లను లేపి దుప్పటి కప్పి వీడియో తీసే అలవాటు ఒకటి ఈమధ్య పెరిగింది. దాని గురించి ఇంతకంటే ఏం చెప్పను.

పాత బట్టలు ఇవ్వాలంటే ఉతికి, గుండీలు చూసి, మగ, ఆడ, పిల్లలవి వేరుచేసి ఇవ్వండి. విడిగా పంచడం కష్టమనుకుంటే గూంజ్‌కు ఇవ్వొచ్చు. అన్షు గుప్తా 1999లో మొదలుపెట్టిన ఈ సంస్థకు బెంగళూరులోనూ సేకరణ ఉంది.

పిల్లల ఆశ్రమాల విషయంలో జాగ్రత్త

నాకు ఇక్కడ కొంచెం కఠినమైన అభిప్రాయమే ఉంది. పండగ రోజు రెండు గంటలు ఆడించి, "మళ్లీ వస్తాం" అని వెళ్లి మళ్లీ రాకపోవడం పిల్లలకు మంచిది కాదు. ఏడాదిలో కనీసం నెలకొకసారి రాగలననుకుంటేనే పిల్లల మధ్యకు వెళ్లండి. లేకపోతే ఆఫీసుకు వెళ్లి నిర్వాహకులకు కావాల్సింది ఇచ్చి రండి.

ఆ సంస్థ జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదైందో లేదో అడగండి. నిజాయతీగా నడిపేవాళ్లు కాగితం చూపిస్తారు, నొచ్చుకోరు. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం, కాబట్టి సెల్ఫీలు, స్టేటస్‌లు వద్దు. ఎక్కడైనా పిల్లలు ఆపదలో ఉన్నట్టు అనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. పెద్దవాళ్ల విషయంలో 14567.

వండి పెట్టాలనుకునేవాళ్లకు

పులిహోర మన ఆడపడుచులు ఊరికే కనిపెట్టలేదు, ప్రయాణానికి నిలిచే అన్నం అది. పెరుగన్నం, కొబ్బరి చట్నీ దూరం మోసుకెళ్లకండి. వండినది వేడివేడిగా గానీ, దించిన రెండు గంటల్లోపు గానీ తినే చేతికి చేరాలి. పార్టీలో మిగిలింది మర్నాడు పంచకండి.

క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర ఇంకో జాగ్రత్త. కీమో నడుస్తున్నవాళ్లకు బయటి తిండి ప్రమాదం కావచ్చు. భోజనం వాళ్లతో ఉన్నవాళ్లకు పెట్టండి, రోగికి ఇవ్వాలంటే నర్సును అడగండి. నిజానికి వరండాలో రాత్రుళ్లు కాపలా ఉండేవాళ్లకు అన్నం కంటే ఫ్లాస్కు నిండా వేడినీళ్లు ఎక్కువ పనికొస్తాయి.

గుమ్మం దగ్గరే ఉన్నవాళ్లు

ఇల్లు దాటకుండా చేసే సేవ చెప్పుకోడానికి బాగుండదు గనక అందరూ మర్చిపోతారు. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. తరాల క్రితం ఆంధ్ర ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన దళిత కుటుంబాలు వీళ్లవి. మీ వీధి ఊడ్చే అక్కను "బాగున్నావా అక్కా, సంక్రాంతికి సెలవిస్తారా?" అని తెలుగులో అడిగి చూడండి. క్రిస్మస్ చేసుకునేవాళ్లూ ఉంటారు, ఏ పండగ చేసుకుంటారో కనుక్కుని ఆ పండగకే ఇవ్వండి, కొత్తదే ఇవ్వండి. జనవరి 1 తెల్లవారుజామున ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు చెత్త ఎత్తేది వాళ్లే. మీ ఇంటి పార్టీలో గ్లాసు పగిలితే పేపర్లో చుట్టి, పైన ఎర్ర గీత గీసి, పొడి చెత్తలో వేరుగా ఇవ్వండి. తడి చెత్తలో గాజుముక్క వేస్తే అది వాళ్ల అరచేతిలో దిగుతుంది.

ఇంట్లో పనిచేసే ఆమెకు పాత చీర బదులు జీతంతో కూడిన సెలవులివ్వండి. మీ ఇంటికి చుట్టాలొచ్చిన రోజే ఆమె ఇంట్లోనూ పండగ అని గుర్తుంచుకుని ముందే ఒప్పందం చేసుకోండి. ఆమె లేని రోజుల్లో గిన్నెలు పిల్లలు తోమాలి. వాళ్లకు ఈ సెలవుల్లో దొరికే చదువు ఇదే.

పక్క ఫ్లాట్లో ఊరి నుంచి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దావిడ ఉంటే, ఒక గంట వెళ్లి కూర్చోండి. అరిసెల పాకం ఎలా పట్టాలో అడగండి. మీరు సేవ చేస్తున్నారని ఆవిడకు అనిపించకూడదు. పాకం నిజంగానే నేర్చుకోండి.

డబ్బు ఇచ్చేటప్పుడు

డిసెంబరు 31 రాత్రికి ఎంత ఖర్చు పెడదామనుకున్నారో ఆ మొత్తం కాగితం మీద వేయండి. అందులో సగమో పావో పక్కన పెట్టండి. సంస్థకు ఇస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వండి. విరాళాలపై పన్ను మినహాయింపు (80జి) పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, 2,000 రూపాయలు దాటిన నగదుకు వర్తించదు, బియ్యం, దుప్పట్లలాంటి వస్తువులకూ రాదు. ఉద్యోగులు ఇచ్చినంత తామూ ఇచ్చే పద్ధతి కొన్ని కంపెనీల్లో ఉంది, మీ హెచ్‌ఆర్‌ను అడగండి. డిసెంబరు సెలవులకు ముందే అడగాలి, ఆ తర్వాత అక్కడ ఎవరూ ఉండరు.

తెల్లవారుజామున అరగంట

పొద్దస్తమానం తిరగడమే సేవ అనుకుంటే వారంలో విసుగొస్తుంది. ధనుర్మాసం ఈ విషయంలో మంచి ఏర్పాటు. రోజుకొక పాశురం చొప్పున తిరుప్పావై ముప్పై పాశురాలు చదివే ఇళ్లలో రెండో పాశురం గుర్తుండే ఉంటుంది. నోము పట్టినవాళ్లు నెయ్యి తినరు, పాలు తాగరు, కాటుక పెట్టుకోరు, పూలు ముడవరు, చెడుమాట ఆడరు, అడిగినవాళ్లకు చేతనైనంత ఇస్తారు. గోదాదేవి మానుకోవడాన్నీ ఇవ్వడాన్నీ ఒకే పాశురంలో పెట్టింది. మీ మతం ఏదైనా, అసలు మతమే లేకపోయినా ఈ లెక్క పనికొస్తుంది: ఈ నెల ఒకటి మానండి, దాని డబ్బో సమయమో ఇంకొకరికి వెళ్లనివ్వండి. స్విగ్గీ ఆర్డర్లు మానిన ఇంట్లో నెలాఖరుకు ఎంత మిగులుతుందో చూస్తే పిల్లలే ఆశ్చర్యపోతారు.

పిల్లల చేత ఇప్పించండి. ఊళ్లో హరిదాసు వస్తే గిన్నెడు బియ్యం పిల్లల చేతికిచ్చి అక్షయపాత్రలో పోయించేవాళ్లు, పెద్దలు వెనక నిలబడేవాళ్లు. అపార్ట్‌మెంట్‌కి హరిదాసు రాకపోయినా ఆ పద్ధతి ఇక్కడా చెల్లుతుంది. చెప్పులు ఏ సైజు కొనాలో, ఏ షెడ్డుకు ఎన్నో, లెక్క వాళ్లకే అప్పజెప్పండి.

సంక్రాంతి తర్వాత

కనుమ మర్నాడు ఒక పని మిగులుతుంది. ఆసుపత్రిలో మీరు సాయం చేసినవాళ్లలో ఎవరైనా తమంతట తాము నంబరు ఇచ్చి ఉంటే, వాళ్లు మళ్లీ రావాల్సిన తేదీకి రెండు రోజుల ముందు ఫోన్ చేయండి. "అవ్వా, గురువారం రావాల్సింది గుర్తుంది కదా? పరగడుపున రమ్మన్నారు, రక్తపరీక్ష ఉంది. పాత ఫైలు, ఆధార్ మర్చిపోవద్దు. మెజెస్టిక్‌లో దిగినాక ఏ బస్సెక్కాల్నో మనవడికి మెసేజ్ పెడతా" అని చెప్పండి. ఆ రోజు మీకు ఆఫీసుంటే వెళ్లలేరు. సెలవుల్లో మీతో వచ్చినవాళ్లలో ఎవరికి వీలవుతుందో అడిగి, వాళ్ల పేరు ఆవిడకు ముందే చెప్పిపెట్టండి.